మైదానంలో మౌనం ఎవరిది?

2025 ఆగస్టు 10, ఆదివారం సాయంత్రం ఏడున్నర. లండన్ వెంబ్లీ స్టేడియంలో లివర్‌పూల్, క్రిస్టల్ ప్యాలెస్ జట్ల మధ్య కమ్యూనిటీ షీల్డ్ మ్యాచ్ మొదలవబోతోంది. టీవీ ముందు కూర్చుని చూస్తున్నాను. ఆటగాళ్లంతా మైదానం మధ్యలో వలయం చుట్టూ నిలబడ్డారు. రిఫరీ విజిల్ వేశాడు. ఒక్కసారిగా చప్పుడంతా ఆగిపోయింది. వంటింట్లోంచి అమ్మ, “ఏమైందిరా, టీవీ పోయిందా?” అంది. పోలేదమ్మా, చనిపోయినవాళ్ల కోసం మౌనం పాటిస్తున్నారు అని చెబుతుండగానే జనంలో ఒక మూల నుంచి అరుపులు మొదలయ్యాయి. వాళ్లను ఊరుకోమంటూ మరోవైపు నుంచి ఇంకొందరి కేకలు. రిఫరీ నిమిషం నిండకుండానే మళ్లీ విజిల్ వేసి మౌనం ముగించాడు.

ఆ మౌనం లివర్‌పూల్ ఆటగాడు డియోగో జోటా కోసం, అతని తమ్ముడు ఆండ్రే సిల్వా కోసం. జూలై 3న స్పెయిన్‌లోని జమోరా దగ్గర కారు ప్రమాదంలో ఇద్దరూ పోయారు. జోటాకు 28 ఏళ్లు. పెళ్లయి రెండు వారాలు కూడా కాలేదు. అతను వేసుకున్న 20వ నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వబోమని క్లబ్ ప్రకటించింది.

చేతులు తుడుచుకుంటూ వచ్చి అమ్మ ఒక మాట అడిగింది. “ఆట చూడ్డానికి వచ్చినవాళ్ల చేత సంతాపం చేయించడమేంట్రా? ఏడ్చేవాళ్లు ఇంటికెళ్లి ఏడుస్తారు కదా.”

ఈ ప్రశ్న ఇంగ్లండ్‌లోనూ ఎప్పటి నుంచో నలుగుతోంది. ఆటకు ముందు మౌనం, చేతికి నల్ల పట్టీలు, చప్పట్లు, పూలు, గోడల మీద బొమ్మలు, ఇవన్నీ ఫుట్‌బాల్ మైదానంలో ఉండాల్సినవేనా? ఉండాలనే నేను నమ్ముతాను. అయితే అన్నీ కాదు. ఏవి ఉండాలో, ఏవి అక్కర్లేదో తెలియాలంటే ముందు ఈ అలవాటు ఎలా పుట్టిందో చూడాలి.

బ్రిటన్‌లో మౌనం పెద్ద ఎత్తున మొదలైంది 1919 నవంబర్ 11న. మొదటి ప్రపంచ యుద్ధం ఆగి సరిగ్గా ఏడాది. ఉదయం పదకొండు గంటలకు దేశమంతా రెండు నిమిషాలు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోవాలని రాజు ఐదో జార్జ్ కోరాడు. అంతకు ముందే కేప్‌టౌన్‌లో, ఇంకా ముందు పోర్చుగల్ పార్లమెంటులో ఇలాంటి మౌనాలు జరిగాయి. ఏ మతానికీ చెందని ప్రార్థన అది. మంత్రం అక్కర్లేదు, పూజారీ పాస్టరూ అక్కర్లేదు. వేలమంది ఒకేసారి చేయగలిగిన పని. అలాంటి పనికి వారం వారం వేలమంది చేరే ఫుట్‌బాల్ మైదానం కన్నా అనువైన చోటు మరొకటి దొరకదు. మన ఊళ్లలో సంతాప సభల్లో పాటించే రెండు నిమిషాల మౌనం కూడా ఈ కోవలోదే.

ఇక 1958 ఫిబ్రవరి. నా మటుకు ఈ చర్చకంతటికీ మూలం అక్కడుంది. బెల్‌గ్రేడ్‌లో ఆడి తిరిగొస్తున్న మాంచెస్టర్ యునైటెడ్ జట్టు విమానం ఆ నెల 6న మ్యూనిక్‌లో, మంచులో, మూడోసారి పైకి లేవబోయి కూలిపోయింది. చివరికి తేలిన లెక్క 23 మంది మృతులు. అందులో ఎనిమిది మంది ఆటగాళ్లు. ఫుట్‌బాల్ రాసే పత్రికావిలేకరులు కూడా అంతే మంది పోయారు. పదమూడు రోజుల తర్వాత, 19న, ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో షెఫీల్డ్ వెడ్నెస్‌డేతో ఎఫ్.ఎ. కప్ మ్యాచ్. ఆ రోజు అమ్మిన చిన్న కార్యక్రమ పుస్తకం గురించి చెప్పాలి. మ్యాచ్‌లో ఎవరెవరు ఆడుతున్నారో ఆ పుస్తకంలో ఒక పేజీలో అచ్చువేస్తారు. వెడ్నెస్‌డే ఆటగాళ్ల పేర్లు మామూలుగానే ఉన్నాయి. యునైటెడ్ వైపు స్థానాల ఎదురుగా పేర్లు లేవు. పదకొండు ఖాళీలు. అచ్చుకు వెళ్లే వేళకు జట్టులో ఎవరు మిగిలారో, ఎవరిని నిలబెట్టగలరో ఎవరికీ తెలియదు. మైకులో పేర్లు చదువుతుంటే జనం పెన్నులు తీసి ఆ ఖాళీల్లో రాసుకున్నారు.

ప్రమాదంలోంచి బయటపడ్డ హ్యారీ గ్రెగ్, బిల్ ఫోక్స్ ఆ సాయంత్రం ఆడారు. మిగిలినవాళ్లలో చాలామంది రిజర్వు జట్టు కుర్రాళ్లు, అప్పటికప్పుడు కొనితెచ్చుకున్నవాళ్లు. దాదాపు 60 వేల మంది వచ్చారు. యునైటెడ్ 3-0తో గెలిచింది. అప్పటికి డంకన్ ఎడ్వర్డ్స్ మ్యూనిక్ ఆస్పత్రిలో ఇంకా ప్రాణాలతో పోరాడుతున్నాడు. రెండు రోజుల తర్వాత, 21 ఏళ్లకే, కన్నుమూశాడు.

ఆ 60 వేల మందిలో చాలామంది గ్రౌండు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, రేవుల్లో పనిచేసే కుటుంబాలవాళ్లు. పోయిన కుర్రాళ్లను వాళ్లు శనివారం శనివారం చూశారు. వాళ్లకు ఆ ఆటగాళ్లు కనబడే చోటు అదొక్కటే. మన ఇళ్లలో మనిషి పోతే ఆయన కూర్చునే కుర్చీ వైపు చూపు పోతుంది. వాళ్లకు ఆ కుర్చీ ఆ పచ్చిక. వాళ్లను ఇంటికెళ్లి ఏడవమంటే ఎలా?

మైదానమంటే ఆట జరిగే స్థలం మాత్రమే కాదన్న సంగతి ఇంగ్లండ్‌లో చితాభస్మం విషయంలో ఇంకా బాగా తెలుస్తుంది. లివర్‌పూల్ నగరంలోనే ఎవర్టన్ క్లబ్‌కు గుడిసన్ పార్క్ అని మైదానం ఉంది. దాని అంచుల్లో వందలమంది అభిమానుల చితాభస్మం పూడ్చిపెట్టారు. చివరికి చోటు చాలక క్లబ్ ఆ ఏర్పాటు ఆపేయాల్సి వచ్చింది. 2025 మే నెలలో పురుషుల జట్టు అక్కడ చివరి లీగ్ మ్యాచ్ ఆడి కొత్త స్టేడియానికి వెళ్లిపోయింది. ఆ మైదానం మహిళల జట్టుకు దక్కింది. ఆ సంగతి చదివినప్పుడు నాకు నిజంగా ఊరట కలిగింది.

మ్యూనిక్ ప్రమాదానికి యాభై ఏళ్లు నిండిన రోజుల్లో ఈ అలవాటుకు గట్టి పరీక్ష ఎదురైంది. 2008 ఫిబ్రవరి 10న అదే ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్‌తో ఆడాల్సింది మాంచెస్టర్ సిటీ. ఒకే ఊళ్లో పుట్టిన రెండు క్లబ్బులు. దశాబ్దాల పగ. సిటీ అభిమానుల్లో కొందరు మ్యూనిక్ మృతులను ఎగతాళి చేస్తూ పాటలు కట్టి పాడేవాళ్లు. ఇలాంటి మ్యాచ్‌లో నిమిషం మౌనమంటే, పగవాడి చేతికి సూదీ మన చేతికి బుడగా ఇచ్చినట్టే. ఒక్క గొంతు చాలు, మొత్తం పాడైపోతుంది. అందుకే మౌనం బదులు చప్పట్లు పెట్టమని సిటీ అభిమానుల సంఘమే అడిగింది. నాలుగు రోజుల ముందు వెంబ్లీలో ఇంగ్లండ్, స్విట్జర్లాండ్ మ్యాచ్‌కు ముందు ఇదే సంస్మరణలో అరుపులు వినబడి మౌనాన్ని తొందరగా ముగించారు కూడా. అయినా యునైటెడ్ వెనక్కి తగ్గలేదు. మౌనమే అంది.

ఆ రోజు యునైటెడ్ ఆటగాళ్లు 1958 నాటి తరహా చొక్కాలు వేసుకున్నారు. ప్రకటనలు లేవు, వీపు మీద పేర్లు లేవు, ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు మాత్రమే. రిఫరీ విజిల్ వేశాడు. నిమిషం గడిచింది. సిటీ అభిమానులు కూర్చున్న వైపు నుంచి ఒక్క మాట రాలేదు. ఆ తర్వాత సిటీ 2-1తో గెలిచింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 1974 తర్వాత వాళ్లకు అదే తొలి గెలుపు. గెలిచింది సిటీయే అయినా ఆ రోజు పేరు చెబితే రెండు పక్షాలవాళ్లూ ముందు ఆ నిమిషాన్నే తలుచుకుంటారు.

ఇందులో చాలామందికి తెలియని ముడి ఒకటుంది. మ్యూనిక్‌లో పోయిన విలేకరుల్లో ఫ్రాంక్ స్విఫ్ట్ ఒకడు. ఆట మానేశాక పత్రికలో చేరాడు. అంతకు ముందు ఏళ్ల తరబడి మాంచెస్టర్ సిటీ గోల్‌కీపర్. అంటే ఆ చావు సిటీ ఇంటి చావు కూడా. మృతులను ఎగతాళి చేసినవాళ్లు తమ సొంత మనిషిని కూడా ఎగతాళి చేశారు.

మౌనం కన్నా చప్పట్లు మేలని వాదించేవాళ్లు ఇంగ్లండ్‌లో బాగా పెరిగారు. 2005 నవంబర్‌లో జార్జ్ బెస్ట్ పోయినప్పటి నుంచి ఆ పద్ధతి అక్కడ నాటుకుంది. అరుపులు చప్పట్లలో కలిసిపోతాయి కాబట్టి పాడుచేయడం కష్టం. అదొక్కటే కాదు, నిండు జీవితం గడిపి పోయిన పెద్ద ఆటగాడికి చప్పట్లు బాగా నప్పుతాయి. మన దగ్గర చావుకు చప్పట్లంటే చాలామందికి మింగుడుపడదు. కానీ తెలంగాణ పల్లెల్లో పండు ముసలివాళ్లు పోతే డప్పులు కొట్టి, చిందేసి సాగనంపే ఊరేగింపులు మనం చూడనివి కావు. సంతాపానికి చప్పుడుతో పగ లేదు.

ఆ మాటకొస్తే మౌనం కూడా అందరి ఆచారమూ కాదు. 2017 జూన్ 8న అడిలైడ్‌లో ఆస్ట్రేలియా, సౌదీ అరేబియా ఆడాయి. అంతకు కొన్ని రోజుల ముందు లండన్ బ్రిడ్జి దాడిలో ఎనిమిది మంది చనిపోయారు. అందులో ఇద్దరు ఆస్ట్రేలియా మహిళలు. ఆస్ట్రేలియా ఆటగాళ్లు మధ్యలో వరసగా నిలబడితే, సౌదీ ఆటగాళ్లలో చాలామంది తమ తమ స్థానాలకు వెళ్లి కదులుతూనే ఉన్నారు. ప్రపంచమంతా మండిపడింది. నిలబడి మౌనం పాటించడం తమ సంప్రదాయంలో లేదని వాళ్లు ముందే చెప్పారని ఆస్ట్రేలియా అధికారులు తెలిపారు. తర్వాత సౌదీ సమాఖ్య క్షమాపణ చెప్పింది. ముందే చెప్పిన ఆ మాటను మ్యాచ్‌కు ముందు మైకులో ప్రేక్షకులకు వినిపించి ఉంటే అంత అపార్థం వచ్చేది కాదని నాకనిపిస్తుంది.

ఇప్పుడు కష్టమైన భాగానికి వద్దాం. పోయినవాళ్లు మైదానానికి చెందనప్పుడు ఏం చేయాలి?

ఏటా నవంబర్‌లో బ్రిటన్‌లో యుద్ధ మృతుల స్మరణ కోసం ఎర్ర గసగసాల పువ్వు గుర్తు పెట్టుకుంటారు. ఇటీవలి దశాబ్దాల్లో ఆ పువ్వు ఆటగాళ్ల చొక్కాల మీదికి కూడా వచ్చింది. జేమ్స్ మెక్లీన్ అనే ఆటగాడు 2012 నుంచి ఆ చొక్కా వేసుకోనంటూ వచ్చాడు. అతనిది ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ, అందులో క్రెగన్ అనే పేట. 1972 జనవరి 30న ఆ ఊళ్లో పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఆ రోజే 13 మంది చనిపోయారు, గాయపడ్డ మరొకరు తర్వాత పోయారు. వాళ్లలో ఆరుగురు క్రెగన్ పేటవాళ్లే. రెండు ప్రపంచ యుద్ధాల మృతుల కోసమే అయితే ఆ పువ్వు పెట్టుకునేవాణ్నని, ఆ తర్వాత బ్రిటిష్ సైన్యం పాల్గొన్న అన్ని సంఘర్షణలకూ అది గుర్తు కాబట్టే తన ఊరివాళ్ల ముఖం చూసి పెట్టుకోలేనని 2014లో తన క్లబ్ యజమానికి రాసిన ఉత్తరంలో వివరించాడు. ఎంతో మర్యాదగా రాసిన ఉత్తరం. అయినా ఏళ్ల తరబడి అతను బంతి ముట్టుకున్నప్పుడల్లా స్టేడియాల్లో ఈసడింపులు తప్పలేదు.

పోయినవాళ్ల కోసం పెట్టుకోవాల్సిన పువ్వు బతికున్నవాణ్ని ఏడిపించే కర్ర అయింది. నా బాధంతా అక్కడే. ఎవరు పెట్టుకున్నారని కాక ఎవరు పెట్టుకోలేదని వెతకడం మొదలయ్యాక అది నివాళి కాదు, హాజరుపట్టీ.

నియమాలు కూడా ఇక్కడ తడబడ్డాయి. 2016 నవంబర్ 11న ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఆటగాళ్లు గసగసాల పువ్వున్న నల్ల పట్టీలు చేతికి కట్టుకుని వెంబ్లీలో ఆడారు. అది రాజకీయ చిహ్నమంటూ ఫిఫా ఇంగ్లండ్‌కు 45 వేలు, స్కాట్లాండ్‌కు 20 వేల స్విస్ ఫ్రాంకులు జరిమానా వేసింది. మరుసటి ఏడాది మెత్తబడింది. ఇప్పుడు ఆట నియమావళిలో నాలుగో నియమం కింద ఒక సూచన ఉంది. ముఖ్యమైన జాతీయ, అంతర్జాతీయ సందర్భాలను స్మరించుకోవచ్చుగానీ, ఎదుటి జట్టు, వాళ్ల అభిమానులు, సాధారణ ప్రజల మనోభావాలను జాగ్రత్తగా చూసుకోవాలి అని. ఎదుటివాళ్ల సంగతి అడగమని చెప్పే నియమం కాబట్టి నాకది నచ్చింది.

2022 సెప్టెంబర్ 8న రెండో ఎలిజబెత్ రాణి మరణించారు. ఆ వారాంతం ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మొత్తం ఆపేశారు. ప్రీమియర్ లీగ్ ఒక్కటే కాదు, పార్కుల్లో పిల్లలాడే మ్యాచులు కూడా. ఆటలు రద్దుచేయాల్సిన నిర్బంధమేమీ లేదని ప్రభుత్వమే చెప్పింది. శనివారం లండన్ ఓవల్‌లో ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా టెస్టు మ్యాచ్ సాగింది. క్రికెట్ ప్రేక్షకులు నిలబడి మౌనం పాటించారు, పాట పాడారు, తర్వాత ఆట చూశారు. పదేళ్ల పిల్లల మ్యాచ్ ఆపేస్తే పోయినావిడకు దక్కిన గౌరవమేమిటో నాకర్థం కాలేదు. పది రోజుల తర్వాత స్కాట్లాండ్‌లో సెయింట్ మిరెన్ మైదానంలో చప్పట్ల నిమిషం పెడితే, సెల్టిక్ అభిమానులు రాచకుటుంబాన్ని ఎగతాళి చేస్తూ పాడారు, బ్యానర్ పట్టారు. 1887లో గ్లాస్గోలోని పేద ఐరిష్ వలస కుటుంబాలకు అన్నం పెట్టేందుకు పుట్టిన క్లబ్ అది. వాళ్ల తాతల జ్ఞాపకాల్లో రాచరికానికి వేరే అర్థముంది. మనిషి పోయినప్పుడు ఎగతాళి పాట పాడటం తప్పే, అందులో నాకు సందేహం లేదు. వాళ్లు రాణికి చప్పట్లు కొట్టరని తెలిసీ వాళ్ల ముందు ఆ నిమిషం పెట్టడం కూడా తెలివైన పని కాదు.

ఆ రాత్రి ఇదంతా విని అమ్మ మన పెద్దవాళ్ల మాట ఒకటి గుర్తుచేసింది. పెళ్లికి పిలిస్తేనే వెళ్లాలి, చావుకు పిలవకపోయినా వెళ్లాలి. వింటుంటే నాకు ఇంకో సంగతి తట్టింది. పిలవకుండా వెళ్లడంలోనే ఆ పరామర్శ విలువంతా ఉంది. బలవంతాన పట్టుకొచ్చి చావింటి గుమ్మంలో నిలబెడితే అది పరామర్శ ఎలా అవుతుంది?

పిలవకుండా వచ్చినవాళ్లను చూడాలంటే 2016 నవంబర్ 30 రాత్రి కొలంబియాలోని మెడెయిన్ నగరానికి వెళ్లాలి. బ్రెజిల్‌కు చెందిన చిన్న క్లబ్ షాపెకోయెన్సె తన చరిత్రలోనే పెద్ద ఫైనల్ ఆడటానికి ఆ ఊరికి వస్తుండగా రెండు రోజుల ముందు విమానం కొండల్లో కూలింది. 71 మంది పోయారు. మ్యాచ్ జరగాల్సిన వేళకు, మ్యాచ్ లేకపోయినా, మెడెయిన్ జనం తెల్ల బట్టలు కట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని స్టేడియం నింపేశారు. లోపల పట్టనివాళ్లు వీధుల్లో నిలబడ్డారు. వాళ్లు ఏడ్చింది ప్రత్యర్థి జట్టు కోసం. వాళ్ల క్లబ్ అట్లెటికో నాసియోనల్ ఆ కప్పును షాపెకోయెన్సెకే ఇచ్చేయమని కోరింది, అలాగే ఇచ్చారు.

నివాళి ఎప్పుడూ చల్లగా, మర్యాదగానే ఉండాలనీ లేదు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మ్యాచ్ మూడు గంటల ఆరు నిమిషాలకు ఆగిపోయింది. కంచెల మధ్య జనం నలిగిపోయారు. ఆ గాయాలతో ఇప్పటికి 97 మంది మరణించారు. నాలుగు రోజుల తర్వాత ఇటలీలో మిలాన్, రియల్ మాడ్రిడ్ సెమీఫైనల్‌ను రిఫరీ మొదట్లోనే మౌనం కోసం ఆపాడు. మిలాన్ అభిమానులు లివర్‌పూల్‌వాళ్ల పాట ఎత్తుకున్నారు. అది పిలవని పరామర్శ. కానీ ఇంగ్లండ్‌లో జరిగింది వేరు. తప్పంతా తాగొచ్చిన అభిమానులదేనని పోలీసులు, కొన్ని పత్రికలు ఏళ్ల తరబడి చెప్పుకొచ్చాయి. ఇరవయ్యో వర్ధంతి రోజున, 2009 ఏప్రిల్ 15న, ఆన్‌ఫీల్డ్ మైదానంలో సంస్మరణ సభ జరిగింది. ప్రభుత్వం తరఫున మంత్రి ఆండీ బర్నమ్ మాట్లాడటానికి లేచాడు. స్టాండ్‌లో ఒకరు అరిచారు. తర్వాత అందరూ. తమవాళ్లకు న్యాయం కావాలని. మంత్రి మాట ఆపి నిలబడిపోయాడు.

సభా మర్యాద ప్రకారం చూస్తే అది కూడా నివాళికి అంతరాయమే. కానీ ఆ కేకల వెనకే స్వతంత్ర విచారణ బృందం వచ్చింది. పోలీసుల వాంగ్మూలాల్లో 164 తర్వాత మార్చినవేనని ఆ బృందం 2012లో బయటపెట్టింది. అభిమానుల తప్పు లేదని, వాళ్లు చట్టవిరుద్ధంగా చంపబడ్డారని 2016లో జ్యూరీ తేల్చింది. ఇరవై ఏళ్లుగా ఏటా ఆ మైదానంలో చేరి పేర్లు చదువుకున్నారు కాబట్టే ఆ రోజు అన్ని గొంతులు ఒక్కచోట ఉన్నాయి. నివాళులన్నీ ఇళ్లకే పరిమితమై ఉంటే ఆ కేక ఎక్కడ పుట్టేది?

నివాళుల సంఖ్య మరీ పెరిగిపోయిందన్న ఫిర్యాదులో నిజముంది. వారం వారం ఏదో ఒక నిమిషం పెడితే దేనికి నిలబడ్డామో సగం మందికి గుర్తుండదు. అందుకే ఆట ఆపని చిన్న పద్ధతులు నాకిష్టం. బార్సిలోనా ఊళ్లోని ఎస్పాన్యోల్ క్లబ్ కెప్టెన్ డానీ హార్కె 2009 ఆగస్టులో 26 ఏళ్లకే గుండె ఆగి చనిపోయాడు. అతని చొక్కా నంబరు 21. ఆ తర్వాత నుంచి మ్యాచ్ 21వ నిమిషంలోకి రాగానే అభిమానులు చప్పట్లు కొడతారు. బంతి కదులుతూనే ఉంటుంది. మరుసటి ఏడాది ప్రపంచకప్ ఫైనల్లో గెలుపు గోల్ కొట్టిన ఆంద్రెస్ ఇనియెస్టా చొక్కా విప్పాడు. హార్కె ఎప్పుడూ మాతోనే అని లోపలి బనియన్ మీద రాసి ఉంది. చొక్కా విప్పితే పసుపు కార్డు, నియమం నియమమే, రిఫరీ చూపించాడు. ఇనియెస్టాది ఎస్పాన్యోల్‌కు బద్ధశత్రువైన బార్సిలోనా క్లబ్. ఆ డిసెంబర్‌లో అతను ఎస్పాన్యోల్ మైదానానికి వచ్చినప్పుడు, తమ జట్టు 5-1తో చిత్తవుతున్న రాత్రి, అక్కడి జనం లేచి నిలబడి అతనికి చప్పట్లు కొట్టారు.

మన దేశంలో ఇలాంటి జ్ఞాపకం కోల్‌కతాది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో స్టాండ్లలో గొడవ రేగి, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. ఏటా ఆ రోజున ఆ ఊళ్లో రక్తదాన శిబిరం పెడతారు. చొక్కా చేయి పైకి మడిచి సూదికి చేయి చాపడమే అక్కడి మౌనం.

2024 ఆగస్టులో అదే ఊళ్లో ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న ఒక యువ వైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపేశారు. ఆ నెల 18న సాల్ట్ లేక్ స్టేడియంలో ఈ రెండు జట్లకూ డ్యూరాండ్ కప్ మ్యాచ్ ఉంది. స్టాండ్లలో న్యాయం కోసం బ్యానర్లు పట్టాలని అభిమానులు సిద్ధమయ్యారు. భద్రత చాలదంటూ మ్యాచ్ రద్దుచేశారు. మ్యాచ్ లేకపోయినా అభిమానులు వచ్చారు. ఈస్ట్ బెంగాల్ ఎరుపు పసుపు చొక్కాలు, మోహన్ బగాన్ ఆకుపచ్చ మెరూన్ చొక్కాలు, ఆ ఊరి మరో క్లబ్ మహమ్మడన్ స్పోర్టింగ్ నలుపు తెలుపు చొక్కాలు. నూరేళ్లుగా ఒకరినొకరు తిట్టుకునేవాళ్లు మూసిన గేట్ల బయట ఒకే నినాదం ఎత్తుకున్నారు. మోహన్ బగాన్ కెప్టెన్ సుభాశిష్ బోస్ భార్యతో కలిసి వచ్చి వాళ్ల మధ్య నిలబడ్డాడు. పోలీసులు లాఠీలు ఎత్తారు. పక్కకు చెదిరినవాళ్లు మళ్లీ వచ్చి, పక్కవాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో చూడకుండా, చీకటి పడేదాకా ఆ రోడ్డు మీదే ఉన్నారు.